బానకి మొదటి తిట్టు

నా నోరు మంచిది కాదని నుముబుగులో పసిపిల్లని అడిగినా చెబుతుంది. నేనూ కాదనను. నోరు మంచిదైతే ఊరు మంచిదని పెద్దలంటారు గానీ, ఈ ఊళ్ళో ఆ సామెత తిరగబడింది. ఇక్కడ ఈ పెండా నోరు, అంటే నా నోరు, ఎంత చెడ్డదైతే ఊరికి అంత మంచిది.

ఇది కమ్మరుల ఊరు. మగవాళ్ళు ఇనుము సాగగొడతారు, వాళ్ళ ఆడవాళ్ళు కుండలు చేస్తారు. మేము ఫులానీలం. ఊరి చివర ఆవుల్ని కాసుకుంటూ ఇంటింటికీ పాలు పోస్తాం. వాళ్ళకీ మాకూ తాతల నాటి నుంచి వేళాకోళం ఉంది. వదినామరదళ్ళ సరసాలు దాని ముందు దిగదుడుపే. నేను వాళ్ళని బొబ్బర్లు మెక్కే నా బానిసలంటాను, వాళ్ళు నన్ను తమ బానిసంటారు. పెళ్ళిలో తిట్టుకుంటాం, చావులోనూ తిట్టుకుంటాం. ఎవరికీ కోపం రాకూడదు. వచ్చిందంటే ఆ మనిషికి వావివరసలు తెలియవన్నమాట.

ఇక్కడ కొత్త నీళ్ళబాన మంటలోంచి బయటికొచ్చాక అందులో మొదటి నీళ్ళు తాగే హక్కు ఫులానీలది. తాగి, పదిమంది ముందూ ఆ బానని తిట్టాలి. తిట్టు పడ్డ బానే ఇంట్లో నిలుస్తుంది, వేసవిలో చెమర్చి నీళ్ళు చల్లబరుస్తుంది. పొగడ్తలు సెగూ సంతలో కొనేవాళ్ళకి చెప్పుకునే మాటలు. మా అమ్మమ్మ కాలుజారి మంచాన పడ్డాక ఈ పని నాకొచ్చింది. అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు.

నేను మొట్టమొదట తిట్టిన బాన నియెలేది. నియెలే అంటే బాల్లో అనే ఇంటిపేరున్న కమ్మరుల పెద్ద కూతురు, నా ఈడుదే. చిన్నప్పుడు ఇద్దరం కలిసి నది ఒడ్డున బంకమన్ను తవ్వేవాళ్ళం. ఆ రోజు సొరబుర్రెడు నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని అన్నాను, "దీన్ని బాన అంటారటే? మా దూడకి మూతి కడిగే తొట్టి ఇంతకంటే సోకుగా ఉంటుంది."

నియెలే తడుముకోలేదు. "నీ దూడకి మూతి కడిగేవాళ్ళన్నా ఉన్నారు. నీకెవరూ లేరు పాపం," అంది.

ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వారు. ఆ బానని పెళ్ళిలో అత్తారింటికి పట్టుకెళ్ళింది. ఏడాది తిరక్కుండా మొగుడు జ్వరంతో పోయాడు. బానతో సహా అన్న ఇంటికి తిరిగొచ్చింది. చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మన్నుతోనే మాట్లాడుకునేది.

అలాంటి రోజుల్లో బిర్గిట్ అనే తెల్లావిడ ఊళ్ళోకి వచ్చింది. డెన్మార్క్ దేశం. ఆవిడా కుమ్మరే, కాకపోతే వాళ్ళ దేశంలో కుమ్మరిని కళాకారుడంటారట. ఎండాకాలం అంతా నియెలే పక్కన కూర్చుని మన్ను పిసికింది. మాట రాకపోయినా ఇద్దరికీ చేతులతో కుదిరింది. వెళ్ళేటప్పుడు, ఒక్క చలికాలం మా ఊరొచ్చి పనిచేసి పో అని అడిగింది. నియెలే సరేనని పడవెక్కింది. ఆ చలికాలం నలభయ్యేళ్ళు దాటినా అవలేదు.

తిరిగొచ్చిన రోజు జోలీబా నది మీద దుమ్ముగాలి కమ్మి ఉంది. ఎడారి వైపు నుంచి ఆ గాలి వీచే రోజుల్లో నీళ్ళేవో ఆకాశమేదో తెలియదు. సెగూ నుంచి వచ్చే పడవలు గాల్లో తేలుతున్నట్టే ఉంటాయి. అలా తేలుతూ వచ్చిన ఒక పడవలోంచి ఉన్ని టోపీ పెట్టుకున్న ముసలావిడ దిగింది. నేను పాలబుర్ర నెత్తిన పెట్టుకుని రేవులోనే ఉన్నాను. ముందు పోల్చుకోలేదు. టోపీ పైకి జరుపుకున్నాక ఆ చాటచెవులు కనపడ్డాయి. బాల్లో వాళ్ళ చెవులు దాచుకుంటే దాగేవి కావు.

ఎన్నేళ్ళుగానో కడుపులో దాచుకున్న తిట్టు నాలిక చివరికొచ్చింది. ఇంతలో ఊరిపెద్ద, బడి పంతులు, వాళ్ళ వెనక సగం ఊరు రేవులోకి దిగారు. ఆవిడ పేరు ఏవో పెద్దపెద్ద పత్రికల్లో పడిందని, బమాకో రేడియోలో చెప్పారని పంతులు అప్పటికే చాటేశాడు. ఒకడు కుర్చీ మోసుకొచ్చాడు. ఒకావిడ గొడుగు పట్టింది. నేను నోరు మూసుకుని పక్కకి తప్పుకున్నాను.

ఆ రోజు నుంచి ఊరంతా నియెలేని నెత్తిన పెట్టుకుంది. నెత్తిన పెట్టుకున్నవాళ్ళ మొహం మనకి కనపడదు కదా, ఎవరూ చూసుకోలేదు ఆవిడ మొహం ఎలా ఉందో. అన్నంలో మాంసం ముక్కలన్నీ ఆవిడ వైపుకి నెట్టేవారు. మన్ను పిసికే ఆడవాళ్ళ మధ్య నేలమీద కూర్చోబోతే అందరూ లేచి నిలబడేవారు. ఆఖరికి ఆవిడ వదిన కొరొతుము కూడా తన మంచం ఇచ్చి తాను చాప మీద పడుకుంది. కొరొతుము ఊళ్ళో కుండలు కాల్చే మంటకి పెద్ద. ఆవిడ సరే అనందే ఎవరూ అగ్గిపుల్ల గీయరు. అలాంటి మనిషి మంచం దిగిందంటే ఇంక మిగతావాళ్ళ సంగతి చెప్పాలా.

మధ్యాహ్నాలు నేను పాలు పోసి అక్కడే కూలబడేదాన్ని. బొగ్గుల మీద టీ మరుగుతూ ఉండేది. మొదటి గ్లాసు చేదు, రెండోది వగరు, మూడోదానికి వచ్చేసరికి తీపి. మూడో గ్లాసు వేళకి నియెలే మాటలు మొదలయ్యేవి. నెమ్మదిగా, నిద్రలో మాట్లాడే మనిషిలా చెప్పేది.

"అక్కడ సముద్రం బూడిద రంగులో ఉంటుందే పెండా. మొదటిసారి మంచు పడ్డప్పుడు, పైన ఎవరో పత్తి ఏకుతున్నారనుకున్నాను. చప్పుడే ఉండదు. ఆ చప్పుడు లేకపోవడానికే మెలకువ వచ్చేది నాకు."

"మరి కుండలు? ఎండ లేకుండా ఎలా ఆరేవే?"

"ఆరేవి. గదికే ఎండ పెట్టుకుంటారు వాళ్ళు. కాల్చడానికి కరెంటు బట్టీ. తలుపేసి, మీట నొక్కి, ఇంటికెళ్ళి పడుకోవడమే. పొగ లేదు, పాట లేదు. నా బాన ఒక్కత్తే లోపల కాలుతూ ఉండేది."

"తుమ్మకాయల నీళ్ళో?"

నియెలే తల అడ్డంగా ఊపింది. మా దగ్గర ఎర్రగా కాలిన కుండని గడలతో ఎత్తి, తుమ్మకాయల కషాయంలో ముంచుతారు. బుస్సుమంటుంది. ఆ బుసతో కుండకి నల్లటి నునుపు వస్తుంది, నీళ్ళు పట్టే ఓపిక వస్తుంది. "ఆ బుస నాకు కలలో వినపడేది," అంది. "లేచి చూస్తే కిటికీ బయట అంతా తెలుపు. నేను లేచినట్టా, ఇంకా పడుకునే ఉన్నట్టా అని చాలాసేపు తేలేది కాదు."

వింటూ వింటూ నాకూ కళ్ళు మూతలు పడేవి. మా నది ఇసుక మీద మంచు పడుతున్నట్టు, మా ఆవులు దాన్ని నాకుతున్నట్టు కనపడేది. ఎవరి కల ఎవరు కంటున్నారో తెలియని మధ్యాహ్నాలవి. ఇప్పటికీ అవే నాకు ఎక్కువ గుర్తు.

ఒక రోజు అడిగాను, "అంత పేరెలా వచ్చిందే నీకు?"

"మొదట్లో నీళ్ళబానలే చేశాను. అద్దాల పెట్టెలో పెట్టి దీపాలు వేశారు. జనం చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగేవారు. ఒక్కళ్ళు ముట్టుకోరు, ఒక్కళ్ళు బుర్ర ముంచరు. మరి దానికి మూతి దేనికే? ఏటికేడూ మెడ సన్నం చేసుకుంటూ పోయాను. చివరికి మూతి మూసేశాను."

"మూతి లేని బానా! పేలిపోదూ?"

"సూదిమొనంత బెజ్జం పెడతాను, ఊపిరాడ్డానికి. వాటికే పేరొచ్చింది. దేశాలు తిరిగాయవి. చూసినవాళ్ళంతా అద్భుతం అన్నారు. ఇన్నేళ్ళలో బాలేదని ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు అనలేదే పెండా."  కొడుకు పోయిన మనిషి మాట్లాడినట్టు మాట్లాడింది.

నేను ఖాళీ గ్లాసులు పక్కకి జరిపాను. ఆవిడే మళ్ళీ అంది, "గుండె అరిగిపోయిందన్నారు అక్కడి డాక్టర్లు. ఎక్కువ రోజులు లేవు. ఒక్క బాన చెయ్యాలి. మన మంటలో కాలాలి. నువ్వు తాగి తిట్టాలి. ఇంకేం అక్కర్లేదు నాకు."

"ఓస్ అంతేనా! దానికోసం అంత దూరం నుంచి రావాలా?" అన్నాను. నిజంగానే అదేం పనని అనుకున్నాను.

బాన తయారైంది. ఎంత బాగా తయారైందో ఏం చెప్పను. ఊళ్ళో ఎవరి చేతికీ రాని నునుపు, అరటి మొవ్వులాంటి మెడ. కాల్చిన రోజు సెగూ నుంచి కూడా జనం దిగారు. బడి పంతులు పొద్దున్నే ఉపన్యాసం ఇచ్చాడు. ఫోనులు ఎత్తిపట్టుకుని ఫోటోలు తీస్తున్నారు. కుర్చీలో ఉన్ని టోపీతో నియెలే కూర్చుంది. నన్ను పిలిచారు. బుర్ర ముంచి తాగాను. అందరూ నా వైపే చూస్తున్నారు. తిట్టు కోసం లోపల వెతుక్కున్నాను, ఒక్కటీ దొరకలేదు. నా ఎదురుగా ఉన్నది మన్ను తవ్విన నియెలే కాదు, రేడియోలో పేరు చెప్పిన పెద్దావిడ.

"చాలా బాగుందమ్మా," అన్నాను. "మీలాంటి గొప్పవాళ్ళు మా ఊళ్ళో పుట్టడం మా అదృష్టం."

అది పంతులు పొద్దున అన్న మాటే. జనం చప్పట్లు కొట్టారు. నియెలే నా కళ్ళలోకి చూసి, చిన్నగా తల వంచి, ఆ దేశం భాషలో ఏదో అంది. ధన్యవాదాలని కాబోలు. నియెలేని 'మీరు' అన్నానని ఇంటికెళ్ళే దారిలో గానీ నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున పాలు తీసుకెళ్ళేసరికి వాళ్ళ వాకిట్లో రోకలి చప్పుడు. నియెలే ఆ బానని పగలగొట్టి, పెంకుల్ని రోట్లో వేసి దంచుతోంది. కొరొతుము నన్ను చూడగానే చెయ్యి నడుముకి పెట్టింది.

"ఏమే ఫులానీ, నీ నోరు ఎవరికి తాకట్టు పెట్టొచ్చావ్ నిన్న?"

"బాగుంటే బాగుందన్నాను. అదీ తప్పేనా?"

"బాగుందో లేదో నిన్నెవరడిగారే? బాగుందనడానికి ఆవిడకి దేశాలకి దేశాలున్నాయి. తిట్టడానికి నువ్వొక్కదానివే ఉన్నావ్!"

"మంచం దిగి చాపేసుకున్నదానివి నువ్వు నాకు చెప్పొచ్చావా?" అని నేనూ లేచాను. కొరొతుము నడుం మీంచి చెయ్యి తీసేసింది. ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. నియెలే రోకలి ఆపకుండానే అంది, "పోనీలే వదినా. ఆవిడేం చేస్తుంది. నేనే పరాయిదాన్నయిపోయాను."

ఆ మాటకి నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్ళుమంటా వచ్చింది. నాకు రెండూ కలిసే వస్తాయి.

"ఇంకోటి చెయ్యి," అన్నాను.

"వానలొస్తున్నాయే. తడి గాలికి బాన ఆరదు."

"వచ్చేలోపు చెయ్యి. మాటలు తర్వాత."

పాత పెంకుల పొడి కలపందే మా మన్ను మంటకి ఆగదు. ఆ పగిలిన బాన పొడినే కొత్త మన్నులో కలిపింది. బోర్లించిన పాతకుండ మీద అడుగు దిద్దింది. అక్కడి దాకా కూర్చుని చేసే పని. గోడలు లేపాలంటే మాత్రం బాన కదలదు, మనిషే దాని చుట్టూ వెనక్కి వెనక్కి నడవాలి. మట్టి తాడు ఒత్తుతూ, నడుస్తూ, ఒత్తుతూ. నాలుగు అడుగులు వేసేసరికి నియెలేకి ఆయాసం వచ్చి నిలబడిపోయింది.

"చెయ్యి ఇలా పెట్టు," అని నా భుజం చూపించాను.

ఎడమ చెయ్యి నా భుజం మీద వేసి, కుడిచేత్తో మట్టి ఒత్తుతూ నడిచింది. ఆవిడ బరువంతా నా మీద. నేనూ ముసలిదాన్నే, నా మోకాళ్ళూ టకటకమంటున్నాయి. ఇద్దరం బాన చుట్టూ వెనక్కి నడుస్తుంటే పిల్లలు చూసి నవ్వారు. ఎంతసేపు నడిచామో. ఆవిడ కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి, పెదాలు కదులుతున్నాయి. కుండలు చేసేటప్పుడు కమ్మరి ఆడవాళ్ళు పాడుకునే పాటే, మాటలు మాత్రం మధ్యమధ్యలో ఆ దేశంవి.

అలా నా వైపుకి ఒరిగి చేసినందుకు బాన కూడా ఒక పక్కకి ఒరిగింది. కొరొతుము వచ్చి చుట్టూ తిరిగి చూసింది.

"వంకరొచ్చింది నియెలే. చెరిపి మళ్ళీ మొదలెడతావా?"

"ఉండనీ వదినా."

బాన ఆరేన్నాళ్ళూ నాకు సరిగా నిద్రపట్టలేదు. ఊరందరూ నాకు తిట్లు అందివ్వడం మొదలెట్టారు. మెడ పొట్టి అనమని ఒకావిడ, అడుగు లావనమని ఇంకో ఆవిడ. నాకవేవీ రుచించలేదు. పొగడ్త అబద్ధమైనా చెల్లుతుంది. తిట్టు అలా కాదు, కడుపులోంచి రావాలి. తెచ్చిపెట్టుకున్న తిట్టుని కమ్మరి ఆడది ఇట్టే పట్టేస్తుంది. మళ్ళీ మర్యాద చేశాననుకుంటే ఆ మనిషి తట్టుకోలేదు. మూడో బాన చేసే ఓపిక ఆ చేతుల్లో లేదు.

కాల్చిన రోజు నదికి అవతల మబ్బులు లేచాయి. కొరొతుము తొందరపెట్టింది. పుల్లలు, గడ్డి, మా ఆవుల పిడకలు పేర్చి, అందరి కుండలతో పాటు ఆ వంకర బానని మధ్యలో పెట్టి, పైన మళ్ళీ గడ్డి కప్పి అంటించారు. ఈసారి కుర్చీ లేదు. కొరొతుము దాన్ని ఎత్తి కోళ్ళగూటి వెనక పడేసి, "ఏం కమ్మరిపిల్లా, కూర్చుంటే గడ్డెవరు అందిస్తారు?" అని అరిచింది. నియెలే మొహంలో ఎన్నాళ్ళకో వెలుగు చూశాను. వంగి రెండు పిడికిళ్ళ గడ్డి అందించింది.

మంట ఎగసింది. బూడిద పైకి లేచి, తేలి తేలి మా మీద పడింది. నియెలే టోపీ తెల్లబడింది. అరచెయ్యి చాపి బూడిద పట్టుకుని, "ఇదిగో మంచు. ఇలాగే పడుతుంది," అంది. ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. గడలతో ఎర్రటి బానని ఎత్తి తుమ్మకాయల నీళ్ళలో దించగానే బుస్సుమంది. ఆవిరి అందర్నీ కమ్మేసింది. ఆవిరిలోంచి ఆవిడ గొంతు మాత్రం వినపడింది, "ఇదే. నాకు వినపడేది ఇదే."

బాన చల్లారాక నీళ్ళు పోశారు. చినుకులు మొదలయ్యాయి. పంతులు, ఊరిపెద్ద అప్పటికే ఇంటిదారి పట్టారు. ఆడవాళ్ళమే మిగిలాం. నేను పండక్కి కొనుక్కున్న నీలం పాగ్నె నడుముకి చుట్టుకుని వచ్చాను, సందర్భం కదా అని. బుర్ర తీసుకుని ముందుకెళ్ళాను. ఆవిడ నా వైపు చూడటం లేదు. నేల చూస్తోంది. 

వంగి బుర్ర ముంచాను. బాన నా వైపుకే ఒరిగి ఉంది. అంచు దాకా పోసిన నీళ్ళు బుర్ర తగలగానే భళ్ళున పొంగి నా కొత్త పాగ్నె మీద, కాళ్ళ మీద, చెప్పుల్లో పడ్డాయి. దానికి తోడు పైనుంచి వాన. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఒసేయ్ బొబ్బర్లు మెక్కే కమ్మరిదానా! ఇది బానా, బాత్రూమా? డెన్మార్క్ పోయి ఇన్నేళ్ళు ఏం వెలగబెట్టావే, తిన్నగా నిలబడే కుండ చెయ్యడం చేతకాదు! తాగబోతే మనిషిని స్నానం చేయిస్తోంది!" గుటక వేసి ఉమ్మేశాను. "పైగా మా ఎర్రావు పేడకంపు! నా పిడకలతో నన్నే కంపు కొట్టిస్తావా? నీ మూతిలేని బానలే నయమే, కనీసం ఎవరి మీదా కక్కవు!"

 నియెలే తలెత్తింది.

"నీళ్ళు నీకు కొత్తేమిటే," అంది. "పుట్టినప్పటి నుంచీ పాలల్లో కలుపుతూనే ఉన్నావుగా. మా బాన దొంగని చూసి ఉమ్మింది."

కొరొతుము నవ్వాపుకోలేక నేలమీద చతికిలబడింది. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నియెలే నవ్వుతూ దగ్గుతూ ఏడుస్తూ నా తడిసిన భుజం పట్టుకుంది. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి. వాన ముంచుకొచ్చింది. అందరూ కుండలు పట్టుకుని పరిగెత్తారు. మేమిద్దరం మాత్రం బానని పట్టుకుని అక్కడే నిలబడ్డాం, తడుస్తూ.

"ఈ దరిద్రాన్ని నీ ఇంటికే పట్టుకుపో," అంది. "నా ఇంట్లో ఉంటే రోజూ నీ నోరు వినాలి."

వానాకాలం అంతా ఆవిడ నేలమీదే కూర్చుంది. మాంసం ముక్కలకి కొరొతుముతో పోట్లాడి మరీ తింది. సజ్జలు కోతకొచ్చే రోజుల్లో ఒక మధ్యాహ్నం మూడో గ్లాసు టీ చేతిలో ఉండగానే కన్ను మూసింది. శవాన్ని లేపేటప్పుడు నేను వాకిలికి అడ్డంగా నిలబడ్డాను. అది మా హక్కు.

"లేవే సోమరిదానా! పట్టపగలు నిద్రేమిటి, ఇది డెన్మార్క్ అనుకున్నావా? నా పాగ్నె ఉతికిపెట్టందే కదలనివ్వను!" అని అరిచాను. ఏడుస్తున్నవాళ్ళు నవ్వారు. కొరొతుము మొగుడు, అదే నియెలే అన్న, మా వైపు మర్యాదకిచ్చే కోలాకాయ పలుకు ఒకటి నా చేతిలో పెట్టి, దండం పెట్టి, దారి అడిగాడు. పక్కకి జరిగాను. నిజం చెప్పాలంటే, కొరొతుము పట్టుకుని జరిపింది.

మళ్ళీ దుమ్ముగాలి రోజులొచ్చాయి. ఒక పొద్దున గాల్లో తేలుతూ వచ్చిన పడవలోంచి ఇద్దరు తెల్లవాళ్ళు, వాళ్ళ మాటలు మాకు చెప్పడానికి బమాకో నుంచి బురామా అనే అతను దిగారు. నియెలే చివరగా చేసిన బాన ఎక్కడుందో వెతుక్కుంటూ నా గుడిసెకే వచ్చారు. బాన మూలన చెమరుస్తోంది. దాని కింద నేల తడిసి, చిన్న పచ్చిక కూడా మొలిచింది. వాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ తిరిగారు. ఆ నడక నాకు తెలుసు. నియెలే చెప్పింది.

"అద్భుతం అంటున్నారమ్మా," అన్నాడు బురామా. "వాళ్ళ మ్యూజియంలో పెడతారట. అద్దాల పెట్టె, దీపాలు, ఆవిడ పేరు. మీకేం కావాలన్నా ఇస్తామంటున్నారు. ముందు ఈ బాన గొప్పతనం మీ నోటితో వినాలని ఉందట."

గొప్పతనం చెప్పాలని నాకు గొంతు దాకా వచ్చింది. ఊళ్ళో ఏ బానలోనూ ఇంత చల్లటి నీళ్ళు లేవని, చచ్చేముందు ఒక మనిషి తన బరువంతా నా భుజం మీద వేసి దీన్ని లేపిందని, ఆ చెయ్యి బరువు ఇంకా దిగలేదని. నోరు తెరిచానంటే అవే వచ్చేలా ఉన్నాయి. ఒకసారి అలా నోరు తెరిచి బాగుందన్నందుకే ఒక బాన రోట్లో పడింది.

"నీ ఇంటిపేరేంటి నాయనా?" అని బురామాని అడిగాను.

"కాంతే, అమ్మా."

కాంతే అంటే కమ్మరులు. నా ప్రాణం కుదుటపడింది.

"అయితే విను, నా బానిసా. ఇదొక దిక్కుమాలిన బాన. నడుం విరిగిన ముసలిదానిలా ఒక పక్కకి పడిపోతుంది. రోజూ నా బట్టలు తడుపుతుంది. పేడకంపు ఇంకా పోలేదు. చేసినావిడకి చేతకాదు, నేర్పినవాళ్ళకి బుద్ధిలేదు. ఇలాంటిదాన్ని పట్టుకెళితే మీ అద్దాల ఇంటి పరువు గంగలో కలుస్తుందని చెప్పు."

బురామా నన్ను చూశాడు, బానని చూశాడు. మూతి బిగబట్టుకుని తెల్లవాళ్ళ వైపు తిరిగి ఏదో చెప్పాడు.  అందులో పెద్దాయన బాన మీద చెయ్యి వేసి, ఆ తడిని చూసుకుని, తలూపి బయటికి నడిచాడు.

"ఏం చెప్పావురా?"

"ఈ బాన ఇంకా పనిలో ఉందని చెప్పానమ్మా," అన్నాడు. "కాసిని నీళ్ళిస్తావా? పాలు మాత్రం వద్దు. మీ ఫులానీల పాలు, నీళ్ళు ఒకటేనని మా అమ్మ చెప్పింది."

"నీ అమ్మకి నాలిక పొడవు," అని బుర్ర ముంచి ఇచ్చాను. వాడి చొక్కా కూడా తడిసింది.

పడవ దుమ్ములో కలిసిపోయేదాకా రేవులో నిలబడి, ఇంటికొచ్చాను. దాహంగా ఉంది. వంగి బుర్ర ముంచాను. ఎప్పటిలాగే నీళ్ళు ఒలికి నా కాళ్ళ మీద పడ్డాయి.

"చేతకానిదానా," అన్నాను.

జవాబు కోసం కాసేపు ఆగాను. తర్వాత నీళ్ళు తాగాను.